పాయింటు తర్వాత ఏముంది?

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం నాకిచ్చిన పావుగంటలో కథలూ కబుర్లూ కాకుండా లెక్కలు చెబుదామని వచ్చాను. లెక్కలనగానే రేడియో కట్టేయకండి. అంగుళాల్ని మీటర్లలోకి మార్చడం గురించి చెబుతాను. "దానికేముందండీ, గూగుల్లో కొడితే వస్తుంది కదా" అంటారు. నిజమే, వస్తుంది. అయితే గూగుల్ మీరు కొట్టిన అంకెను మారుస్తుందే గాని, మీ మనసులో ఉన్న కొలతను మార్చదు. ఆ రెండూ ఎప్పుడూ ఒకటి కావు. చిక్కంతా అక్కడే ఉంది.

మా స్నేహితుడొకాయన ఇక్కడ కొత్తగా ఇల్లు కట్టించుకున్నాడు. హాలు పక్క గోడలో పూజా మందిరం కోసమని ఒక గూడు వదిలించాడు. ఆ గూడులోకి టేకు మందిరం నేను చేయిస్తానని వాళ్ళమ్మగారు పట్టుబట్టారు. కృష్ణా జిల్లాలో వాళ్ళ ఊరి వడ్రంగి చేతిపని, ఆవిడ దాచుకున్న డబ్బు. గూడు వెడల్పు 43న్నర అంగుళాలు. కాస్త సందు ఉండాలి కదా అని ఈయన ఫోనులో 43.4 అంగుళాలు అని రాసి పంపాడు. మందిరం ఓడెక్కి వచ్చింది, అమ్మగారు విమానమెక్కి వచ్చారు. తీరా గృహప్రవేశానికి నాలుగు రోజుల ముందు చూస్తే గూడు ఎంతుందో మందిరమూ అంతే ఉంది! సందన్నదే లేదు. లోపలికి ఎక్కదు.

వడ్రంగి తప్పు చేశాడా? చేయలేదు. మన వడ్రంగులు అంగుళాన్ని పది భాగాలు చేయరు, ఎనిమిది భాగాలు చేస్తారు. ఒక్కో భాగం ఒక నూలు. హైదరాబాదు వైపు సూత్ అంటారు. 43.4 అని కనిపిస్తే ఆయనకది 43 అంగుళాల నాలుగు నూళ్ళు, అంటే సరిగ్గా 43న్నర. మా వాడికేమో 43 మీద పదోవంతులు నాలుగు. ఇద్దరూ ఒకే అంకె చూశారు, ఇద్దరూ వేరే కొలతలు చదివారు. తేడా ఎంతనుకున్నారు? రెండున్నర మిల్లీమీటర్లు. ఆ రెండున్నర మిల్లీమీటర్ల వల్ల మందిరం మూడు వారాలు గరాజులో దుప్పటి కప్పుకుని నిలబడింది. ఆవిడ పైకేమీ అనలేదు గాని, పొద్దున్నే గరాజు తలుపు తీసి అక్కడే దీపం పెట్టి వచ్చేవారట. తర్వాత ఇక్కడి కార్పెంటరొకాయన వచ్చి రెండు పక్కలా చిత్రిక పట్టి లోపల కూర్చోబెట్టాడు.

అదే 1102 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే? ఆ అంకెని ఇంకోలా చదవడానికి వీల్లేదు. అందులో పాయింటు లేదు, భిన్నం లేదు, నూలు లేదు. ఈ పావుగంటలో నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఈ పాయింటు గురించే. మీటర్లలో పాయింటు తర్వాత వచ్చేవి ఎప్పుడూ పదోవంతులు, నూరోవంతులు, వెయ్యోవంతులే. అంగుళాల్లో, అడుగుల్లో అలా కాదు. రాసినవాడి అలవాటు ఒకటి, చదివినవాడి అలవాటు ఇంకొకటి.

అడుగుల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. పెళ్ళి సంబంధాల వివరాల్లో చూడండి, "అబ్బాయి ఎత్తు 5.6" అని ఉంటుంది. అంటే 5 అడుగుల 6 అంగుళాలని మనందరికీ తెలుసు. కంప్యూటరుకి తెలియదు. 5 అడుగుల 6 అంగుళాలంటే 66 అంగుళాలు, 167.64 సెంటీమీటర్లు. 5.6 అడుగులంటే 170.69 సెంటీమీటర్లు. అబ్బాయి కూర్చున్నచోటే మూడు సెంటీమీటర్లు పెరిగాడు. సంబంధం వరకూ పరవాలేదు, ఆ మాత్రం ఎత్తు అందరూ పెంచుకునే చెబుతారు! కానీ 5 అడుగుల 10 అంగుళాలవాణ్ణి 5.10 అని రాశారనుకోండి. ఎక్సెల్ చివరి సున్నా తీసేసి 5.1 చేస్తుంది. నూట డెబ్భై ఎనిమిది సెంటీమీటర్ల మనిషి నూట యాభై అయిదుకి దిగిపోతాడు. ఆ మనిషి బరువు 75 కిలోలనుకోండి. బరువుని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బి.ఎం.ఐ. అసలు ఎత్తుతో 24 లోపు ఉంటుంది, ఈ దొంగ ఎత్తుతో 31 దాటుతుంది. నిక్షేపంలాంటి మనిషికి స్థూలకాయం అంటగట్టినట్టే. నా వృత్తిలో ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టంలోకి డేటా ఎక్కించేటప్పుడు ఇలాంటి కాలమ్స్ చాలా చూశాను. అడుగులకో గడి, అంగుళాలకో గడి పెట్టకుండా ఒకే గడిలో పాయింటుతో సరిపెట్టిన ప్రతిచోటా ఈ దొంగ దాక్కునే ఉంటాడు.

ఐటీలో ఉన్నవాళ్ళకి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ గుర్తుండే ఉంటుంది. 1999 సెప్టెంబరులో నాసా వ్యోమనౌక అంగారకుడి దాకా వెళ్ళి, వాతావరణంలోకి మరీ లోతుగా దిగి పోయింది. నేల మీది ఒక ప్రోగ్రాం ఇంజను తోపుని పౌండ్ల లెక్కలో ఇచ్చింది, ఇంకో ప్రోగ్రాం దాన్ని న్యూటన్ల లెక్క అనుకుంది. అక్కడ ఉన్నది అంగుళం కాదు, బలం. జబ్బు మాత్రం మన మందిరం జబ్బే. అంకె వెళ్ళింది, దాని పక్కన ఉండాల్సిన మాట వెళ్ళలేదు.

సరే, అసలు మార్పు ఎలాగో చూద్దాం. ఒక అంగుళం అంటే 2.54 సెంటీమీటర్లు. "సుమారుగా" అని చాలామంది ఒక మాట చేరుస్తారు. ఆ మాట అక్కర్లేదు. అది సుమారు కాదు, కచ్చితం. 2.54 తర్వాత అంకెలేవీ దాక్కుని లేవు. ఎందుకంటే అంగుళాన్ని విడిగా కొలిచి పట్టుకునే కొలబద్ద అంటూ ఇప్పుడు ఎక్కడా లేదు. మీటరు నుంచే అంగుళాన్ని నిర్వచించారు. ఒకప్పుడు అమెరికా అంగుళం 25.4 మిల్లీమీటర్ల కంటే వెంట్రుకవాసిలో వెయ్యోవంతంత పెద్దది, ఇంగ్లండు అంగుళం అంతకన్నా తక్కువ తేడాతో చిన్నది. యంత్రాల విడిభాగాలు చేసేవాళ్ళకి ఇది తలనొప్పి. చివరికి 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా కలిసి గజమంటే 0.9144 మీటరు అని ఒప్పుకున్నాయి. దాన్ని 36తో భాగించండి, 0.0254 వస్తుంది. అదీ అంగుళం.

అమెరికా వాళ్ళకి మీటరంటే పడదని మనం నవ్వుకుంటాం గాని, 1893 నుంచీ ఈ దేశంలో గజాన్ని మీటరుతోనే నిర్వచిస్తున్నారు. అప్పటి లెక్క మీటరుకి 39.37 అంగుళాలు. 1959లో కొత్త లెక్క వచ్చాక కూడా భూమి సర్వే చేసేవాళ్ళు పాత అడుగునే పట్టుకున్నారు. రెంటికీ తేడా పదిలక్షల అడుగులకి రెండడుగులు. ఇంటి స్థలంలో అది కనిపించదు, రాష్ట్రమంతటి మ్యాపులో కనిపిస్తుంది. ఆ పాత సర్వే అడుగుని 2022 చివరితో అధికారికంగా విరమింపజేశారు. అరవై మూడేళ్ళు ఒకే దేశంలో రెండు అడుగులు నడిచాయన్నమాట. మరి ఒకే ఇంట్లో అమ్మమ్మ మూర, మనవరాలి సెంటీమీటరు నడిస్తే వింతేముంది?

మనసులో లెక్క వేసుకోవడానికి ఒక ఉపాయం చెబుతాను. అంగుళాల్ని 40తో భాగించండి, మీటర్లు దాదాపుగా వస్తాయి. 66 అంగుళాలైతే 1.65. దానికి నూటికి ఒకటిన్నర, ఇంకా కొంచెం కలపండి. కచ్చితంగా చెప్పాలంటే నూటికి 1.6. అప్పుడు 1.676 వస్తుంది, సరైన జవాబు. సామాను పడుతుందా లేదా చూసుకోవడానికి మొదటి అడుగు చాలు. పని చేయించడానికి మాత్రం 25.4తో గుణించి, మిల్లీమీటర్లలో పూర్ణాంకం రాయండి. ఇంకా మంచి పద్ధతి, అసలు మార్చకపోవడం. చాలా టేపులకి ఒక అంచున అంగుళాలు, ఇంకో అంచున సెంటీమీటర్లు ఉంటాయి. రెండో అంచు చూసి చదవండి, అయిపోయింది. లేని చోట గుణకారం ఎలాగూ ఉంది.

అలాగని అంగుళం తెలివితక్కువది అనకండి. మా పాప ఇక్కడి స్కూల్లో టేపు మీద సగం, పావు, ఎనిమిదోవంతు, పదహారోవంతు గీతలు నేర్చుకుంటుంటే పక్కన కూర్చున్న మా అత్తయ్యగారు "పదహారోవంతంటే వీసం కదా" అన్నారు. నిజమే. అర, పావు, వీసం మన పాత లెక్కలే. వీసమెత్తు అని ఇప్పటికీ అంటాం. చేత్తో పనిచేసేవాడికి ఒక తాడుని సగానికి మడవడం, దాన్ని మళ్ళీ సగానికి మడవడం తేలిక. పది భాగాలు చేయమనండి, తెలుస్తుంది. ప్రోగ్రామర్లకి ఈ మాట వేరే చెప్పాలా, మన బతుకంతా రెండేసి రెట్లే కదా.

ఇంకో సంగతి. మనం ఇంచికి అంగుళం అనే మాట తగిలించేశాం గాని, మన శాస్త్రాల్లో అంగుళం వేరు. అర్థశాస్త్రంలో ఎనిమిది యవల వెడల్పు ఒక అంగుళం, పన్నెండు అంగుళాలు ఒక జాన, ఇరవై నాలుగు అంగుళాలు ఒక మూర. మూరని ఇప్పటి లెక్కన 18 ఇంచీలుగా తీసుకుంటే ఆ అంగుళం ముప్పావు ఇంచీ అవుతుంది. పాత వాస్తు పుస్తకం ముందు పెట్టుకుని కొలతలు తీసుకునేవాళ్ళు అది ఏ అంగుళమో ముందు కనుక్కోండి. లేకపోతే ద్వారబంధం మూడోవంతు పెరిగిపోతుంది.

మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందీ ఆ ఏడాదే. కానీ మీటరు అంతకంటే చాలా ముందే, 1870లలో రైలెక్కి వచ్చింది. మేయో ప్రభువు వైస్రాయిగా ఉన్నప్పుడు ఇండియాలో మెట్రిక్ కొలతలు పెడదామని ఆలోచన జరిగింది. ఆ ఊపులో చిన్న లైన్ల వెడల్పు సరిగ్గా ఒక మీటరు, అంటే 39.37 అంగుళాలు అని నిర్ణయించారు. కొలతలు రాలేదు, పట్టాలు మాత్రం వచ్చాయి. మనం చిన్నప్పుడు ఎక్కిన మీటర్ గేజి బళ్ళకి ఆ పేరు అందుకే వచ్చింది. బ్రాడ్ గేజి వెడల్పు 5 అడుగుల 6 అంగుళాలు, రైల్వే లెక్కలో 1676 మిల్లీమీటర్లు. ఇందాకటి పెళ్ళికొడుకు ఎత్తు అదే! లెక్కకి 1676.4 రావాలి, పాయింటు నాలుగు వదిలేశారు. పట్టాల మధ్య అర మిల్లీమీటరుకి బండి పడిపోదు. ఎక్కడ వదిలేయవచ్చో తెలియడం కూడా కొలతలో భాగమే.

ఇక డబ్బుతో ముడిపడిన మాట. మనలో చాలామంది ఇంటి దగ్గర స్థలం కొన్నవాళ్ళు, కొనబోతున్నవాళ్ళు. మనవైపు గజం అంటే పొడవూ గజమే, చదరపు గజమూ గజమే. "రెండొందల గజాల ప్లాటు" అంటాం, చదరం అనే మాట మింగేస్తాం. కాగితాల్లో చదరపు మీటర్లు కూడా కనిపిస్తుంటాయి. అక్కడ జారిపడేవాళ్ళు ఇద్దరు రకాలు. ఒకరు "గజమంటే మీటరే కదండీ" అంటారు. ఇంకొకరు కాస్త చదువుకున్నవారు, గజం 0.9144 మీటరు అని తెలిసి 200ని 0.9144తో గుణించి 183 చదరపు మీటర్లు అంటారు. రెండూ తప్పే. వైశాల్యానికి ఆ 0.9144ని రెండుసార్లు గుణించాలి, పొడవుకోసారి, వెడల్పుకోసారి. అప్పుడు 0.8361 వస్తుంది. 200 గజాలంటే 167.2 చదరపు మీటర్లు. కావాలంటే కొలిచి చూడండి. 36 అడుగులు, 50 అడుగుల స్థలం సరిగ్గా 200 గజాలు. మీటర్లలో 10.97, 15.24. గుణిస్తే మళ్ళీ 167.2.

ఈ తేడా డబ్బులో ఎంత? గజం ఇరవై వేలు అనుకుందాం. 183 అనుకున్న పెద్దమనిషి తన దగ్గర లేని పద్దెనిమిదిన్నర గజాలకి పైగా ఉన్నాయనుకుంటున్నాడు. దాదాపు మూడు లక్షల డెబ్భై వేలు గాలిలో ఉన్నట్టు. గజమూ మీటరూ ఒకటేనన్న ఆయనకైతే ముప్పై తొమ్మిది గజాలు గాలిలోవే, ఎనిమిది లక్షలకి కాస్త తక్కువ. ఇక్కడ కూర్చుని ఫోనులో మాట్లాడుకుని స్థలం కొనేవాళ్ళు నాలుగు పక్కల కొలతలూ అడుగులు, అంగుళాల్లోనూ, మీటర్లలోనూ రెండు రకాలుగా రాయించుకోండి. రెండు వైశాల్యాలూ కలవకపోతే అడ్వాన్సు ఇవ్వకముందే తెలుస్తుంది. ఒక్క అంకె మీద నమ్మకం పెట్టుకోవడం దేనికి?

ఆడవాళ్ళు ఇంతసేపూ "మాకేం చెప్పలేదు" అనుకుంటున్నారేమో. మీకు ఈ లెక్కలు మాకంటే బాగా తెలుసు. ఆరు గజాల చీర అంటే 5.49 మీటర్లు. అందుకే దుకాణాల్లో చీర అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్కతో కలిపితే దాదాపు 6.3 మీటర్లు. తొమ్మిది గజాల చీర 8.23 మీటర్లు. మల్లెపూలు మాత్రం ఇప్పటికీ మూరే. ఆ మూర పూలమ్మే ఆవిడ మూర, కొనేవాళ్ళ మూర కాదు!

జాకెట్టు కొలతలు ఊరికి పంపేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. మన దర్జీలు అంగుళాల మనుషులు. వాళ్ళకి సెంటీమీటర్లు పంపొద్దు, వాళ్ళ భాషలోనే రాయండి. "36.5" అని అంకెల్లో కాకుండా "ముప్పై ఆరున్నర అంగుళాలు" అని అక్షరాల్లో రాయండి. ఇందాక మిల్లీమీటర్లలో రాయమని ఇప్పుడు అంగుళాలంటున్నాడేమిటి అనుకోకండి. ఎదుటివాడు ఏ టేపు పట్టుకుంటాడో ఆ టేపు ప్రకారం రాయాలి, ఏ టేపో తెలియనప్పుడు మిల్లీమీటర్లు రాయాలి. ఇంకోటి, టేపు చివర ఒకసారి చూడండి. దర్జీ టేపు అరవై అంగుళాలుంటే వెనకవైపు 152.4 దగ్గర ముగియాలి. అరవై గీత, నూట యాభై గీత సరిగ్గా ఒకదాని వెనక ఒకటి ఉంటే రెండింట్లో ఒక వైపు కొలత తప్పన్నమాట. అలాంటి టేపులు లేకపోలేదు.

ఇక అంగుళమని పేరున్న ప్రతిదాన్నీ 2.54తో గుణించకండి. ఊళ్ళో బోరు వేశాక "రెండించుల నీళ్ళు పడ్డాయి" అంటారు. అది పొడవు కాదు, నీటి ధార. ముప్పావు ఇంచి పైపు తెచ్చి కొలవండి, బయటా లోపలా ఎక్కడా ముప్పావు ఇంచి కనిపించదు. ఇక్కడ హోమ్ డిపోలో టూ బై ఫోర్ అని కొనే చెక్క నిజానికి ఒకటిన్నర, మూడున్నర అంగుళాలు, అంటే 38, 89 మిల్లీమీటర్లు. అవి పేర్లు, కొలతలు కావు. పేరుని గుణించి ఊళ్ళో మేస్త్రికి పంపితే ఆయన చేసేదేమీ లేదు.

టీవీ కూడా అంతే. 55 అంగుళాలంటే మూల నుంచి మూలకి. ఇండియాలో అట్టపెట్టె మీద 138 అనో 139 సెంటీమీటర్లనో ఉంటుంది, అదీ మూలల మధ్యే. గోడ మీద వెడల్పు దాదాపు 1.22 మీటర్లు. ఈ వేసవిలో అమ్మానాన్నల కోసం అక్కడ టీవీ కొనిపెడదామనుకునేవాళ్ళు వాళ్ళ టీవీ బల్ల వెడల్పు అడగండి. నాన్నగారు అడుగుల్లో చెబుతారు. నాలుగడుగులంటే 1.219 మీటర్లు, అంటే టీవీ అంచులు బల్ల అంచులతో సరిసమానంగా వస్తాయి. కాళ్ళు రెండూ రెండు చివర్లకీ ఉండే మోడలైతే కాళ్ళ మధ్య దూరం కూడా చూసుకోండి, అది వివరాల్లో మిల్లీమీటర్లలోనే ఇస్తారు.

నాకిచ్చిన పావుగంట అయిపోయింది. ప్లాట్ల లెక్కల మీద సందేహాలుంటే స్టూడియోకి ఫోన్ చేయండి, నాలుగు పక్కల కొలతలూ దగ్గర పెట్టుకుని చేయండి.